సామాను పట్నంల కెళ్లి రావాలె

నా కారు తోలడం మా దేవరకొండలో ఎంతమందికి వచ్చో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అంగన్‌వాడీ టీచరుకు వచ్చు. కిరాణా దుకాణం వాళ్ల పెద్ద కోడలికి వచ్చు. హనుమాన్ గుడి అయ్యగారికి రివర్సు కూడా వచ్చు. రానిది ఆ కారు కొన్న నాకొక్కడికే.

అసలు కారు కొనడానికి కారణం ఆలంపురం జోగులాంబ. అంతకు మూడేళ్ల కింద నాకు డెంగీ జ్వరం వచ్చి నల్లగొండ దవాఖానలో పడ్డాను. ప్లేట్‌లెట్లు రోజురోజుకూ పడిపోతుంటే డాక్టర్లు నాతో మాట్లాడటం మానేసి, వరండాలోకి పిలిచి నా భార్యతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ వరండాలోనే ఆమె మొక్కుకుంది. మనిషి లేచి ఇంటికొస్తే ఇద్దరం ఆలంపురం వచ్చి అమ్మవారికి చీర పెట్టి ఒడిబియ్యం పోస్తామని. నేను లేచాను. ఇంటికొచ్చిన వారానికే ఆమె ఒక ఆకుపచ్చ చీర కొని బీరువాలో పెట్టింది. మూడేళ్లు ఆ చీర అక్కడే ఉంది. ఉగాదికోసారి, దసరాకోసారి బయటికి తీసి ఎండకు వేసేది. నావైపు ఒక చూపు చూసి మళ్లీ మడతపెట్టేది.

పోవద్దని నేనెన్నడూ అనలేదు. కాని దేవరకొండ నుంచి ఆలంపురం అంటే నాలుగు బస్సులు మారాలి, ఆ పైన ఒక ఆటో. మొదటి ఏడు పదో తరగతి పరీక్షలన్నాను. రెండో ఏడు ఎండలన్నాను. మూడో ఏడు ఏమన్నానో గుర్తులేదు గాని ఏదో గట్టిదే అని ఉంటాను, ఎందుకంటే నేను హైస్కూల్లో లెక్కల సారును, రుజువులు చూపించడం నా వృత్తి. ఆమె మాత్రం రుజువులకు లొంగే మనిషి కాదు. "మొక్కి మరిసినోళ్లను అమ్మవారు మర్వదు" అనేది, చేటలో బియ్యం చెరుగుతూ, ఎవరితోనో అన్నట్టు. ఒకరోజు ఆ మాట పడలేక, "కారు కొంట! మన బండిల మనమే పోదం, సరేనా?" అని అరిచాను. అరిచినందుకు కొనాల్సి వచ్చింది.

పాత కారే. తెల్లది. నల్లగొండలో పదిహేను రోజులు డ్రైవింగ్ స్కూలుకు పోయి లైసెన్సు కూడా సంపాదించాను. ఆ స్కూలు బండిలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ఆ పదిహేను రోజులూ బండిని ఆపింది అతని కాలే తప్ప నా కాలు కాదు. ఈ సంగతి నాకు దసరా నాడు, గుడి ముందర తెలిసింది.

దసరాకు మా దగ్గర బండ్లన్నీ హనుమాన్ గుడికి పూజకు వస్తాయి. ట్రాక్టర్లు, ఆటోలు, బోరు లారీ, వాటి మధ్య బంతిపూల దండ వేసుకుని నా కారు. అయ్యగారు బానెట్ మీద బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించారు. పక్క సీట్లో నా భార్య కొత్త చీర కట్టుకుని కొబ్బరికాయ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"జర ముందుకు తీయుండ్రి సార్, నిమ్మకాయలు తొక్కితే సాలు" అన్నారు అయ్యగారు.

తీశాను. నిమ్మకాయలను తొక్కిన మాట నిజమే. తొక్కి ఆగలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కారు ఒక్క దూకు దూకి, చెప్పుల స్టాండును ఎత్తి అవతల పారేసి, దాని వెనకున్న రాతి స్తంభాన్ని గుద్దుకుని నిలబడింది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. పండుగ పూట ఎన్ని జతల చెప్పులుంటాయో ఊహించుకోండి. భక్తులు దేవుణ్ణి వదిలేసి తమ చెప్పులు వెతుక్కున్నారు. ఇంటికి పోయి చూసుకుంటే నా కుడికాలికి నా చెప్పు, ఎడమకాలికి ఎవరిదో ఆడమనిషిది ఉంది. నా భార్య ఒక్క మాట కూడా అనలేదు. దిగింది, చీర దులుపుకుంది, ఆ పగలని కొబ్బరికాయ పట్టుకుని ఇంటికి నడిచిపోయింది. మా ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అనని మాటలే నన్ను ఎక్కువ భయపెట్టాయి.

కారును ట్రాక్టరుకు తాడు కట్టి హైదరాబాదు రోడ్డు మీది రేకుల షెడ్డుకు లాక్కుపోయారు. ఆ షెడ్డు నడిపే మెకానిక్ ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పదో తరగతిలో లెక్కలు తప్పాడు. ఆ రోజుల్లో నా చేతికి బెత్తం ఉండేది, వాడి వీపుకు ఆ సంగతి తెలుసు. అయినా మనసులో ఏమీ పెట్టుకోకుండా చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఫికర్ చేయకుండ్రి సార్. బంపరు ఈడ్నే సాపు జేస్త. రేడియేటరు సామాను పట్నంల కెళ్లి రావాలె. నాలుగొద్దులు ఆగుండ్రి."

నాలుగొద్దులు ఆగాను. అయిదో రోజు పోతే సామాను రాలేదన్నాడు. పదో రోజు పోతే వచ్చింది గాని వేరే బండిది వచ్చిందన్నాడు. ఇరవయ్యో రోజు పోతే రేడియేటరు పెట్టాను గాని క్లచ్ ప్లేటు అరిగింది, అది పట్నం నుంచి రావాలన్నాడు. నేను రోజూ బడి వదలగానే షెడ్డుకు పోయి గట్టిగా కేకలు వేసేవాణ్ణి. "రెండు రెళ్లు నాలుగని నేర్పిననా లేదా? నాలుగొద్దులంటే ఇరవై ఒద్దులారా?" అని రోడ్డు మీదివాళ్లు ఆగి చూసేంతగా అరిచేవాణ్ణి. వాడు తలకాయ వంచుకుని, "రేపు పొద్దుగాల ఖాయం సార్" అనేవాడు.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. చెప్పడానికి సిగ్గే. ఆ 'రేపు' విన్న ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చేది. దసరా నుంచీ నాకు క్లచ్ అన్న మాట వింటేనే ఎడమకాలు వణికేది. కారు షెడ్డులో ఉన్నంతకాలం తోలే పని లేదు. తోలే పని లేకపోతే ఆలంపురం లేదు. తప్పు నాది కాదు, మెకానిక్‌ది. ఊరంతా వినేలా అరిచి వచ్చి, ఇంట్లో కాళ్లు చాపుకుని, "ఏంజేస్తం, వాడు ఇస్తలేడు" అని ఆమెకు చెప్పేవాణ్ణి. "అవ్ పాపం" అనేది ఆమె.

అది సీతాఫలాల కాలం. గుట్టల మీది కాయలు గంపలకెత్తుకుని మా వీధిలోకి వస్తారు. ఆమె ప్రతి ఏడూ కొని, బియ్యంలో మాగబెట్టి, పండినవి పండినట్టు నాకు పళ్లెంలో పెడుతుంది. తను ముట్టదు. పెళ్లయిన కొత్తలో గంపెడు తినే మనిషి. "నీకు?" అంటే, "వద్దు, నాకు సలువ జేస్తది" అంటుంది. వయసు కదా అనుకునేవాణ్ణి. అనుకుని ఇంకోటి తినేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆమెకు డాక్టరు చెప్పాడని పొద్దున్నే వాకింగుకు పోవడం మొదలుపెట్టింది. తెల్ల బూట్లు కొనుక్కుంది. గంటన్నర నడిచి వచ్చేది. వచ్చాక చూస్తే చెమట చుక్క ఉండేది కాదు. చలికాలం వస్తోంది కదా అనుకున్నాను. లెక్కల సారునన్న పేరే గాని కళ్ల ముందున్న లెక్క ఒక్కటీ కూడలేదు నాకు.

నెల దాటిన తర్వాత అనుమానం వచ్చింది, అదీ నా తెలివి వల్ల కాదు. ఒకరోజు షెడ్డులో ఉన్న కారు ఎక్కి కూర్చోబోయాను. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు మొత్తం ముందుకు జరిగి ఉంది. నాది ఆరడుగుల మనిషి కొలత. నేను దాన్ని చివరికంటా వెనక్కి జరుపుకుని ఉన్నాను. స్టీరింగు మీద పసుపు మరకలు. సీటు సందులో ఒక తల పిన్ను. కాళ్ల దగ్గర గుడి అక్షింతలు.

"ఎవడు కూసున్నడ్రా నా బండిల?"

"ట్రయల్ ఏసిన బావా, గంతే" అన్నాడు.

నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా నన్ను సార్ అని తప్ప పిలవని మనిషి బావ అంటున్నాడు. "ఎవడ్రా నీకు బావ?" అన్నాను. వాడు నాలుక కరుచుకుని కారు కిందికి దూరిపోయాడు. బిల్లు ఎక్కువ వేయడానికి వరసలు కలుపుతున్నాడని నిర్ధారణ చేసుకుని ఇంటికి వచ్చాను. మా దిక్కున ఒక మగవాడు ఊరికే బావ కాడు. ముందు అతని పెళ్లాం ఎవరికో అక్కో చెల్లెలో కావాలి. పసిపిల్లవాడికి కూడా తెలిసే ఈ వరస ఆ పూట నాకు తట్టలేదు.

మర్నాడు బస్టాండు దగ్గర అంగన్‌వాడీ టీచరు ఎదురుపడి, "సార్, మీ కారు క్లచ్ జర గట్టిగుంది గని బ్రేకులు మాత్రం బంగారం" అన్నది.

నేను నవ్వి నాలుగడుగులు పోయాక అక్కడే నిలబడిపోయాను. వెనక్కి ఉరికి, "నా కారు బ్రేకులు నీకెట్ల ఎరుకమ్మా?" అని అడిగాను. ఆమె అమాయకంగా చెప్పేసింది. ఖిల్లా గుట్ట దిక్కు కొత్త వెంచర్ ఉంది కదా, అక్కడ రోజూ పొద్దున్నే నేర్పుతాడు, ఆడవాళ్లే ఆరుగురం, అయ్యగారు ఒకరు, మా బ్యాచీ అయిపోవచ్చింది అని. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం వినడమే గాని ఆ అత్తను నేనే అవుతానని ఎన్నడూ అనుకోలేదు. ఆ రాత్రి పళ్లు కొరుకుతూ పడుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. వాణ్ణి పట్టుకుని, కారు తోలుకొచ్చి వాకిట్లో పెట్టి అప్పుడు చెబుదామనుకున్నాను. ఎవరు తోలుకొస్తారన్నది ఆలోచించలేదు.

పొద్దున ఆమె బూట్లు వేసుకుని వాకింగుకు పోయింది. ఆమె పోయిన అరగంటకు నేను స్కూటరు తీశాను. ఆ వెంచర్‌లో రోడ్లున్నాయి, తెల్ల రంగు వేసిన ప్లాటు రాళ్లున్నాయి, పెద్ద కమాను ఉంది. ఇళ్లు మాత్రం లేవు. మేకలు తప్ప అడ్డం వచ్చేవాళ్లు లేని ఆ రోడ్ల మీద, వెనక అద్దానికి ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుని, నా తెల్ల కారు మెల్లగా, ముచ్చటగా తిరుగుతోంది. ప్లాటు రాళ్ల మీద ముగ్గురు నలుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. నన్ను చూసి బళ్లో పిల్లల్లా లేచి నిలబడ్డారు. "నమస్తే సార్" అన్నారు అయ్యగారు, అందరికన్నా వెనక నుంచి.

నేను రోడ్డు నడిమధ్యకు పోయి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. కారు మలుపు తిరిగి నేరుగా నా మీదికే వచ్చింది. కాని ఇది దసరా నాటి దూకుడు కాదు. తగ్గుతూ తగ్గుతూ వచ్చి, నాకు మూరెడు దూరంలో, కుదుపు కూడా లేకుండా ఆగింది. పక్క సీట్లో మెకానిక్ సగం కిందికి జారిపోయి ఉన్నాడు. తోలేవాళ్ల వైపు అద్దం దిగింది. లోపల తెల్ల బూట్లు వేసుకుని నా భార్య కూర్చుని ఉంది.

ఇంట్లో నన్ను నువ్వు అన్నా, నలుగురిలో మీరు అనడం ఆమె పద్ధతి. అంత గందరగోళంలో కూడా ఆ పద్ధతి తప్పలేదు.

"జర పక్కకు జరుగుండ్రి" అన్నది. "రివర్సు తీయాలె."

జరిగాను. ఇంకేం చేస్తాను?

ఆమె రివర్సు తీసి, బండి ఆపి, బ్రేకు గుంజి దిగింది. నేను ఆమెను ఏమీ అనలేక మెకానిక్ మీద పడ్డాను. "నా కారుతోని బడి నడుపుతున్నవారా? బండి ఎప్పుడు బాగైంది, నిజం చెప్పు!"

"బండి పదో రోజే తయారైంది బావా" అన్నాడు వాడు, ఇంక దాచడానికేమీ లేదన్నట్టు. "అక్క వచ్చి, నేను నేర్సుకునేదాక ఇయ్యకు అన్నది. సార్ అడిగితే సామాను పట్నంల కెళ్లి రావాలె అను అన్నది. అక్క ఒక్కదానికి నేర్పితే పెట్రోలు దండుగ గదా అని ఇంకింతమందిని తోలుకొచ్చిన. గది మాత్రం నా తప్పే." మెల్లగా ఇంకో మాట అన్నాడు. "అక్క మొదట్ల ఇరవైసార్లు బండి నడిమిట్ల బందు చేసింది. నేనొక్కనాడు గూడ గట్టిగ అనలే సార్."

ఇంతసేపూ బావ అన్నవాడు ఆ ఒక్క మాటకు సార్ అన్నాడు. బెత్తం గుర్తొచ్చింది నాకు. వాడికి గుర్తుందో లేదో అడగలేదు.

ఇంటికి వచ్చాక నా కోపం నేను తీర్చుకుందామనుకున్నాను. పెళ్లాం, మెకానిక్ ఒక్కటై మొగుణ్ణి నెలరోజులు మోసం చేయడం ఏ ఊళ్లో ఉందని మొదలుపెట్టాను. ఆమె బూట్లు విప్పుతూ మొత్తం విన్నది.

"నువ్వు రోజు ఆడికి పోయి ఒర్రుతున్నవ్. ఇంటికొచ్చి సల్లగ పంటున్నవ్. నేను సూస్తలేననుకున్నవా?" అన్నది. "కారు బాగైతే తోలాలె గదా అని నీ గుండె కొట్టుకునుడు నాకు ఇనొస్తనే ఉన్నది. భయమైతే భయమని అనరాదు? నేనేమన్న అంటనా? గా చీర ఇంకెన్నేండ్లు ఎండకు ఎయ్యాలె?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. నిజానికి ఆ నెలరోజుల్లో నన్ను మోసం చేసింది వాళ్లిద్దరే కాదు. నేనూ వాళ్లకు సాయం చేశాను.

కార్తీకంలో ఒక ఆదివారం బయలుదేరాం. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆమెకు తోలడం వచ్చు గాని చేతిలో ఉన్నది నేర్చుకునేవాళ్ల లైసెన్సు. పక్కన పూర్తి లైసెన్సు ఉన్న మనిషి కూర్చుంటేనే తోలాలి. ఆ లైసెన్సు ఉన్నది నాకు. అంటే సర్కారు లెక్క ప్రకారం నేను ఆమెకు నేర్పే గురువును. ఒళ్లో ఆకుపచ్చ చీర, కాళ్ల దగ్గర ఒడిబియ్యం మూట, చేతిలో కొబ్బరికాయ పెట్టుకుని గురువు గారు ముందు సీట్లో కూర్చున్నారు. "ఎంత మెల్లగ పోతున్నవ్" అని ఒకసారి, "లారీ, లారీ!" అని పలుమార్లు నేర్పారు. కల్వకుర్తి దాటాక ఆమె, "ఇగ ఊకో" అన్నది. ఊరుకున్నాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనబడగానే ఇద్దరం అలవాటు కొద్దీ దండం పెట్టబోయాం. ఆమె చేతులు స్టీరింగు మీద ఉన్నాయని గుర్తొచ్చి, ఇద్దరి తరఫునా నేనే పెట్టాను.

ఆలంపురంలో తుంగభద్రలో కాళ్లు కడుక్కుని లోపలికి పోయాం. పూజారి చీర అందుకుని అమ్మవారి దగ్గర పెట్టాడు. నా భార్య ఒక్క గింజ కింద పడకుండా ఒడిబియ్యం పోసింది. బయటికి వచ్చి గోడ నీడన కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

తిరుగు దారిలో కొత్తకోట దాటాక, రోడ్డు పక్కన ఒక ముసలమ్మ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. కాలం అయిపోవచ్చింది, చివరి కాయలు. నా భార్య ఎడమవైపు లైటు వేసి, వెనక చూసుకుని, బండిని పక్కకు తీసి ఆపింది. నాకోసమే అనుకున్నాను. దిగి, బాగా పండిందొకటి ఏరుకుని, అక్కడే నిలబడి రెండుగా చీల్చి తినడం మొదలుపెట్టింది. ఒకటయ్యాక ఇంకొకటి తీసుకుంది. గడ్డం మీద గుజ్జు కారుతున్నా తుడుచుకోలేదు.

"నీకు సలువ జేస్తది గదా?" అన్నాను.

"సలువ లేదు ఏం లేదు. దవాఖానల మొక్కినప్పుడు ఇడిసిన. మొక్కు తీరేదాక ముట్టనని."

మూడు సీతాఫలాల కాలాలు. మూడేళ్లూ ఆమె మాగబెట్టి, విప్పి, పళ్లెంలో పెట్టి ఇస్తే కాళ్లు చాపుకుని తిన్నవాణ్ణి నేను.

"నాకు చెప్పలేదేంది?"

"చెప్తే తీస్కపోతుంటివా?"

తీసుకుపోయేవాణ్ణేనని అనబోయాను. ఇంకో పరీక్షల కారణం చెప్పి ఉండేవాణ్ణి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె నోట్లో గింజలు పెట్టుకుని ఎక్కడ ఊయాలా అని అటూ ఇటూ చూసింది. రోడ్డు పక్కన అంత జాగా ఉంది, ఎక్కడైనా ఊయొచ్చు. నేను పోయి ఆమె ముందర దోసిలి పట్టాను. ఆమె ఒకసారి నా మొహం చూసి, అందులో ఊసి, మూడో కాయ తీసుకుంది.